పెద్దమనిషి బిడ్డ

లేదు, ఛాయ్ పెట్టలే. పెట్టేది కూడ లేదు. ఆ తువ్వాల దండెం మీదేసి ఈడ కూసో. జర మెల్లగ మాట్లాడు, లోపల బిడ్డ పన్నది.

అవును, అక్షయనే. అట్ల చూస్తవేంది? జన్వాడల అత్తగారింట్ల ఉండే పిల్ల కనకమామిడిల ఎట్ల పన్నదనా? నేను తీస్కొచ్చిన. పొద్దుగాల నువ్వు ఇస్త్రీ అంగీ తొడుక్కొని పంచాయితికి పోయినవు గద. నువ్వు మూల తిరిగినవో లేదో నేను ఇంటికి తాళమేసిన.

ఆగు, లోపలికి పోకు. మందులేసుకొని ఇప్పుడే కన్ను మలిపింది. ముందు నేను చెప్పేది విను. ఇరవై ఏడేండ్ల సంది నువ్వు చెప్తున్నవు, నేను వింటున్న. ఇయ్యాల ఒక్కపారి నువ్వు విను, నీ సొమ్మేం పోదు.

ఏమైంది మరి ఈశ్వరయ్య పొలం గెట్టు పంచాయితి? తెగిందా? తెగే ఉంటది. పరమేషన్న కూసుంటే తెగకుంట ఉంటదా? అన్నదమ్ములు పాలు పంచుకున్నా నువ్వే, బోరు కాడ కొట్టుకున్నా నువ్వే, ఎవడన్న తాగొచ్చి పెండ్లాన్ని కొట్టినా నువ్వే. మొన్న అంజిలయ్య కోడలు ఏడ్చుకుంట వస్తే ఏమన్నవు నువ్వు? ఈ వాకిట్లనే, గీ కుర్చీల కూసొని. 'ఆడపిల్ల మీద చెయ్యేసినోడు మనిషా?' అన్నవు. అంజిలయ్య కొడుకు తలకాయ వంచుకొని నిలబడ్డడు. నేను వంటింట్ల కెల్లి విన్న. అన్నం గంజి వంపుకుంట విన్న. నా చెయ్యి కాలింది ఆ రోజు, నువ్వు చూడలే.

మంది బిడ్డల దిక్కు అంత మంచిగ మాట్లాడ్తవు. నీ బిడ్డ దిక్కు మాట్లాడెతందుకు నోరెందుకు లేస్తలేదు నీకు?

నడుమ అందుకోకు. నాకు తెలుసు నువ్వేమంటవో. 'రేపు పోదామన్న గద' అంటవు.

పొద్దుగాల ఏడు గంటలకు ఫోనొచ్చినప్పుడు నువ్వు ఈడనే ఉన్నవు. బంతిపూల గంపలు ఆటోల ఎక్కిస్తున్నవు. అది తన ఫోన్ల కెల్లి చెయ్యలే, పక్కింటామె ఫోన్ల కెల్లి చేసింది. 'అమ్మా, చెవిల కెల్లి చీము కారుతున్నది. రెండు దినాల సంది జరం. దవాఖానకు పోదామంటే ఫంక్షన్ హాల్ల పెండ్లిలున్నయి, అయినంక చూద్దామంటున్నడు నిఖిల్. బాపును పంపుతవా?' అన్నది. నేను నీకు అక్షరం తప్పకుంట చెప్పిన. నువ్వు గంప మీద తడిగుడ్డ కప్పుకుంట ఏమన్నవు? 'రేపు పోదాం తియ్. ఇయ్యాల ఈశ్వరయ్యకు మాటిచ్చిన' అన్నవు.

రేపు. నీకు రేపంటే ఇంటి మీది అటక. చేతగాని పనులన్ని దాని మీదికెక్కిస్తవు. ఎక్కించుడే గని దించుడు లేదు.

జూన్ల చెప్పిన నీకు. చిన్నది దీక్షిత పెండ్లయి అప్పటికి నెల కూడ కాలే. ఫోన్ల మాట్లాడుకుంట అక్షయ 'ఆగమ్మా, ఫోను ఈ దిక్కు పెట్టుకుంట, ఆ చెవిల సరిగ ఇనొస్తలేదు' అన్నది, అల్లుడు నిఖిల్ కొట్టిండంట అని చెప్పిన. నువ్వు 'వానలు పడనియ్' అన్నవు. వానలకూ దాని చెవికీ ఏం సంబంధమో నాకు ఇప్పటికి సమజ్ కాలే. వానలు పడ్డయి. 'బోనాలు పోనియ్' అన్నవు. పోయినయి. 'వినాయకుడు నీళ్లల్ల పడనియ్' అన్నవు. పడ్డడు. బతుకమ్మకు పిల్లను పంపలే వాళ్లు. అప్పుడన్న లేస్తవనుకున్న. వీధిల ఆడపిల్లలంత పుట్టింటికొచ్చి ఆడుతుంటే నేను తంగేడు పువ్వు తెంపుకొచ్చి గంపల పెట్టుకొని కూసున్న. నువ్వేమన్నవు? 'దీపావళికి వస్తది గద, అప్పుడు మెల్లగ అడుగుదాం' అన్నవు.

మెల్లగ అడుగుతడంట.

ఆ, పోయినవు. లేదనలే. బోనాలయినంక ఒక ఆదివారం పోయినవు, నేను మూడు దినాలు అన్నం తినకపోతే పోయినవు. పోయి ఏం జేసినవు? ఛాయ్ తాగినవు. వానల ముచ్చట పెట్టినవు. జన్వాడ కాడ ఫాంహౌసులు ఎన్ని లేచినయో లెక్కబెట్టినవు. కోడికూర తిన్నవు. వచ్చేటప్పుడు వియ్యపురాలు మైసమ్మ డబ్బల కూర కట్టిస్తే అది పట్టుకొని వచ్చినవు. 'అల్లుడు మంచిగనే ఉన్నడు, పిల్ల కూడ మంచిగున్ననన్నది, నువ్వే ఊకె పరేషాన్ అయితున్నవు' అన్నవు. ఆ కూర నేను తినలే. కుక్కకేసిన. అది కూడ నీకు చెప్పలే.

నలుగురి ముంగట 'బిడ్డా, మంచిగున్నవా?' అని అడిగితే ఏమంటది? వాడు పక్కకే నిలబడి ఉన్నడు.

ఆ రోజు సంగతి అది ఇయ్యాల బస్సుల చెప్పింది. అప్పటిదాక నాకు గూడ తెల్వదు. నువ్వు తింటున్నంతసేపు వంటింటి తలుపెనుక నిలబడ్డదంట. 'బాపు ఇప్పుడడుగుతడు, ఇప్పుడడుగుతడు అని చూసినమ్మా. తిన్నంక అడుగుతడనుకున్న. చెయ్యి కడుక్కున్నంక అడుగుతడనుకున్న. బండికి కిక్ కొట్టిండు. ఇగ లోపలికి పోయి గిన్నెలు తోమిన' అన్నది. ఏడ్వలే చెప్పేటప్పుడు. ఏడ్చినా నాకు నయముంటుండె.

ఏంది, తలకాయ వంచుకున్నవు? ఎత్తు. ఇంకా షురూనే కాలే.

పొద్దుగాల నేను మూడు ఆటోలు మారి పోయిన. తొవ్వంత ఏం మాట్లాడాల్నో మనసుల చదువుకున్న. లొల్లి జెయ్యొద్దు, మైసమ్మను మంచిగ పలకరించాలె, చేతులు పట్టుకోవాలె, నాలుగు దినాలు పంపున్రి, మందులు ఇప్పిచ్చి తోలిస్తం అనాలె. గిట్ల. నాకు నలుగుర్ల మాట్లాడుడు యాడ అలవాటున్నది? మహిళా సంఘం మీటింగుల నా పేరు చెప్పుమంటే పక్కనున్నామెతోని చెప్పిస్త. గండిపేట దిక్కు పోయే కాలేజి పిల్లలు ఆటోల ఫోన్లు చూసుకుంట నవ్వుతున్నరు. నేను కొంగు నోట్లె పెట్టుకొని కూసున్న.

పోయేసరికి మైసమ్మ వాకిట్ల చిక్కుడుకాయ తుంచుతున్నది. నన్ను చూసి లేవలే. 'ఏంది సుగుణమ్మ, చెప్పకుంట చెయ్యకుంట వచ్చినవు. అన్న రాలేదా?' అన్నది.

'రాలే. పిల్ల యాడ?' అన్న.

'లోపల పన్నది. జర ఒళ్లు వెచ్చబడితేనే పుట్టింటికి ఫోన్లు చేసుడా?' అన్నది.

నేను లోపలికి పోయిన. గోడ దిక్కు తిరిగి పన్నది. మంచి చెవి తలకింది మెత్తకు ఆనించి, ఆ చెవిల దూది పెట్టుకొని. 'అక్షయా' అని పిలిచిన. పలకలే. మల్ల పిలిచిన. పలకలే. తల్లి రెండు గజాల దూరంల నిలబడి పిలుస్తుంటే పిల్లకు ఇనొస్తలేదు. దగ్గరికి పోయి భుజం మీద చెయ్యేసిన. ఉలిక్కిపడి లేచి, రెండు చేతులు మొఖానికి అడ్డం పెట్టుకున్నది.

అది నేనని చూడనే లేదు. చెయ్యి పడ్డదంటే అడ్డం పెట్టుకోవాలె, అంతే దానికి తెలిసింది.

తొవ్వల చదువుకున్నదంత ఆడనే పోయింది నాకు. చేతులు పట్టుకునుడు లేదు, బతిలాడుడు లేదు. 'లే బిడ్డా, చీర మార్చుకో, పోదాం' అన్న. అది నా మొఖం చూసింది. 'బాపు వచ్చిండా?' అన్నది. 'నేనొచ్చిన' అన్న.

అంతల నిఖిల్ వచ్చిండు, వాళ్లమ్మ ఫోన్ చేసినట్టున్నది. బండి స్టాండు కూడ సరిగ వెయ్యలే. 'అత్తమ్మా, ఏం లేదు. మొగడు పెండ్లాలన్నంక మాటమాట వస్తది. కోపంల జర చెయ్యి లేచింది. దానికింత పెద్దగ చెయ్యాల్నా?' అన్నడు. మంచిగనే అన్నడు. వాడెప్పుడు మంచిగనే మాట్లాడ్తడు. ఫంక్షన్ హాల్ల సూపర్వైజరు గద, అందరితోని నవ్వుకుంట మాట్లాడుడే వాని నౌకరి.

నేనేమన్ననో తెలుసా? 'ఏ చెయ్యి బిడ్డా?' అన్న.

'ఏంది అత్తమ్మా?' అన్నడు.

'ఏ చెయ్యి లేచింది? ఒక్కపారి చూపియ్' అన్న.

అరవలే నేను. నీ మీద ఒట్టు, మెల్లగనే అడిగిన. వాడు చూపియ్యలే. కుడిచెయ్యి పాంటు జేబుల పెట్టుకున్నడు.  గా ఒక్క మాట నువ్వు ఆ ఆదివారం అడిగి ఉంటే? ఒక్క మాట. ఛాయ్ తాగినంక అడిగినా అయిపోతుండె.

అప్పుడు మైసమ్మ లేచింది. చిక్కుడుకాయలు ఒడిల కెల్లి కింద పడ్డయి. 'ఆడదానివి ఒక్కదానివి వచ్చి నా కొడుకును నిలబెట్టి అడుగుడేంది? పరమేషన్నను రమ్మను. ఆయన తెలిసిన మనిషి. నలుగుర్ల కూసొని మాట్లాడుకుందాం' అన్నది.

చూసినవా, ఆమెకు నువ్వే కావాలె. నువ్వయితే కూసుంటవు.

'ఆయన వచ్చిండు గద వదినా' అన్న. 'వచ్చిండు, కూసున్నడు, తిన్నడు, పోయిండు. ఇప్పుడు నేనొచ్చిన. నేను కూసోను' అన్న. గా మాట నా నోట్లె కెల్లి ఎట్లొచ్చిందో నాకే తెల్వదు.  కొంగు నడుముకు చెక్కుకొని పిల్ల పక్కకు పోయి నిలబడ్డ.

'పిల్ల గడప దాటితే మల్ల ఎక్కేది లేదు. సామానుల ఒక్క గిన్నె కూడ కదలదు' అన్నది మైసమ్మ.

'ఉంచుకోన్రి' అన్న.

అంతే. అల్మారా, మంచం, ఇత్తడి బిందెలు, అన్ని. కుట్టుమిషిను కాడ జర మనసు గుంజింది, అబద్ధమెందుకు. అది నా మిషిను, దాని మీద జాకిట్లు కుట్టే గద ఇద్దరు పిల్లల్ని చదివిచ్చిన. దాని మూత మీద చెయ్యేసిన, తీసిన. అక్షయ ఏం పట్టుకున్నదో తెలుసా? డిగ్రీ మెమోలున్న ప్లాస్టిక్ కవరు. బియ్యం డబ్బ అడుగుల దాచుకున్నదంట. పాఠాలు చెప్పిన బడిల ఇచ్చిన ఐడీ కార్డు కూడ అండ్లనే ఉన్నది. నౌకరి మానిపిచ్చి ఏడాదిన్నరయింది, కార్డు మాత్రం పారెయ్యలే.

ఆటోను ఎవరు పిలిచిన్రనుకున్నవు? పక్కింటి అరుణజ్యోతి, ఫోనిచ్చినామెనే. చేతికి పిండంటుకొని ఉన్నది, అట్లనే ఉరికొచ్చి ఆటోను ఆపింది. కిరాయి కూడ ఆమెనే మాట్లాడింది. ఎక్కేటప్పుడు నా చెవిల 'అక్కా, ఇంత ఆలస్యం చేసిన్రేంది?' అన్నది.

చెప్పు. ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు. పెద్దమనిషివి గద.

శంకర్‌పల్లి మీదికెల్లి చేవెళ్లకు పోయినం. దవాఖానల చెవుల డాక్టరమ్మ ఇయ్యాల ఉన్నది, మన నసీబు. దూది తీసి లైటు పెట్టి చూసింది. చూసుకుంట చూసుకుంట ఆమె మొఖం మారింది. చెవి లోపలి పొర పగిలిందంట. ఆ పగిలిన కాడికెల్లి చీము పట్టి, చెవి ఎనుక ఎముకకు పాకిందంట. పట్నంల పెద్ద దవాఖానకు సోమారానికి రాసిచ్చింది, ఆపరేషన్ చెయ్యాలెనంట. 'ఇనొస్తదా డాక్టరమ్మా?' అని అడిగిన. 'ముందు చీము పైకి పాకకుంట ఆపాలె. వినికిడి ముచ్చట తర్వాత. ఈ చెవి మీద ఆశ పెట్టుకోకున్రి' అన్నది. 'మొదట్ల తీస్కొస్తే పొర దానంతటదే అతుకుతుండె' అన్నది.

మొదట్ల తీస్కొస్తే.

అక్షయ ఆమె పెదవులు చూసుకుంట విన్నది. ఎప్పుడు నేర్చుకున్నదో పెదవులు చూసి వినుడు. 'కుడి చెవి మంచిగున్నది గద మేడం, బడిల పాఠం చెప్పొచ్చు గద?' అని అడిగింది. చెప్పొచ్చన్నది డాక్టరమ్మ. అదొక్కటే అడిగింది పిల్ల.

కండ్లు తుడుసుకుంటే తుడుసుకో. నువ్వు ఏడిస్తే నేను చల్లబడతననుకోకు. నువ్వు చెడ్డోనివయి ఉంటే నేను ఎప్పుడో కొట్లాడుతుంటి. మంచోనివి. ఎవరి మనసు నొప్పియ్యవు. ఎదుటోని మొఖం చిన్నబోతదంటే నీ మాట నువ్వే మింగుతవు. నీ మంచితనానికి నా బిడ్డ చెవి పోయింది.

ఏంది? ఊళ్ల ఏమనుకుంటరనా?

ఆ, గిదే నీ బుగులు. జూన్ల సంది గిదే. పరమేష్ బిడ్డ ఇంటికొచ్చి కూసున్నదంటరు. రేపు ఎవరి పంచాయితికన్న పోతే 'ముందు నీ ఇల్లు చక్కబెట్టుకో అన్నా' అంటరు. ఇస్త్రీ అంగీ తొడుక్కొని నడుమ కుర్చీల కూసునుడు పోతది. పోనీ. ఇడిసిపెట్టు ఆ కుర్చీని. నేను కుట్టుమిషినే ఇడిసిపెట్టొచ్చిన.

సోమారం నేనే పట్నం తోల్కపోత. వస్తే రా, లేకుంటే లేదు. ఠాణల కాయితం పెడ్తనంటున్నది పిల్ల, పెడుతది. నలుగుర్ల కూసొని మాట్లాడుకుందాం అనేటోళ్లను ఈ గడప తొక్కనియ్య. ఈశ్వరయ్య అయినా సరే, ఎవరయినా సరే.

కూసో. లేవకు. అయిపోలే.

ఇంకొకటున్నది. చెప్పకుంటనే పొద్దు గడుపుదామనుకున్న. 

డాక్టరమ్మ 'ఎన్ని దినాలయింది?' అని అడిగింది. 'నాలుగు నెలలు' అన్న. అక్షయ నా దిక్కు చూసింది.  ఆమె అట్లనే చీటి మీద రాసుకున్నది.

నాలుగు కాదు. ఏడు.

నాకు జూన్ల ఫోన్ల తెల్వలే. ఉగాదికి తెలుసు. ఉగాదికి వచ్చింది గద, రెండు దినాలున్నది. నువ్వు పూల మార్కెట్‌కు పోయినవు. నేను నెత్తికి నూనె పెడ్తుంటే ఎడమ దిక్కు చెయ్యి తగలనియ్యలే. అడిగితే చెప్పింది. వాడు కొట్టిండని, చెవిల గుయ్యిమంటున్నదని, నేను మల్ల పోనమ్మా అని, నా మోకాళ్లల్ల మొఖం పెట్టుకొని చెప్పింది.

నేనేమన్న? 'రెండు నెలలు ఓర్సుకో' అన్న. దీక్షిత లగ్గం ముహూర్తం పెట్టుకొని ఉన్నం. పెద్దది ఇంటికొచ్చి కూసున్నదంటే చేవెళ్ల సంబంధపోళ్లు ఎనుకకు పోతరని బుగులు నాకు. 'నీ చెల్లె పెండ్లి అయ్యేదాక ఎవరికి చెప్పకు, బాపుకు అసలే చెప్పకు' అన్న. వెల్లుల్లి వేసి నూనె కాచి దాని చెవిల పోసిన. గోరువెచ్చగ, నాలుగు చుక్కలు. తెల్లారి నేనే బస్సెక్కిచ్చిన.

పెండ్లిల చూసినవు గద దాన్ని. ఎడమ దిక్కు జుట్టు జారిడిసి, మల్లెపూలు పెట్టుకొని, అందరికి నవ్వుకుంట వడ్డిచ్చింది. అందరు మెచ్చుకున్నరు, నేను గూడ మెచ్చుకున్న.

డాక్టరమ్మ ఇంకోటి గూడ అడిగింది. 'చెవిల నూనె గిట్ల పోసిన్రా? పగిలిన చెవిల పోస్తే ఇంకా ఖరాబైతది' అన్నది. లేదన్న. దాని మీద కూడ అబద్ధమే చెప్పిన.

గందుకే నువ్వు వానలన్నప్పుడు, బోనాలన్నప్పుడు నేను గట్టిగ కొట్లాడలే. కొట్లాడితే ఎప్పటి సంది తెలుసని అడుగుతవు. మూడు దినాలు అన్నం మానేసిన గని నిజం చెప్పలే. నిన్ను ముంగటికి తోసి నీ ఎనుక దాక్కున్న.

చేవెళ్లల బస్సెక్కినంక అది కుడి చెవి నా దిక్కు తిప్పి కూసున్నది. మొయినాబాద్ దిక్కు బస్సు మలిగినంక అడిగింది, 'అమ్మా, ఉగాదికి నేను నీకు చెప్పిన సంగతి బాపుకు తెలుసా?' అని. తెల్వదన్న. మెమోల కవరు ఒడిల సదురుకున్నది. అయినంక 'చెప్పకు మరి. నీ మీద కోపం జేస్తడు. ఈ వయసుల మీకు లొల్లులెందుకు' అన్నది.

ఇంత జరిగినంక గూడ, మనకు దెబ్బ తగలకుంట అదే అడ్డం నిలబడుతున్నది.

అందుకే చెప్పిన. చెయ్ కోపం. ఎంత జేస్తవో చెయ్. నేను యాడికి పోత, ఈడనే కూసున్న.